మా అమ్మ చెప్పిన తారీకు

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మా అమ్మ అప్పయమ్మకు ఆ విద్య రాదు. అయినా మనవరాలి కోసం ప్రయత్నం మానదు.

మా ఛాయ పుట్టినప్పుడు అందరూ కొడుకన్నారు. పెద్దయ్యాక తను ఆడపిల్లనని చెబితే, ముందుగా గాజులు తొడిగింది మా అమ్మే. పోయినేడు ఒక ఆసుపత్రిలో పాత కార్డు చూసి, హాలంతా వినబడేలా మగపేరుతో పిలిచారు. ఛాయ జ్వరంతోనే లేచి ఇంటికొచ్చేసింది. ఈసారి కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నా ఆసుపత్రికి రానంది. బతిమాలి, మేముండే ఈ హిందీ ఊళ్లోనే కోహ్కా అనే పేటలో వేరే ఆసుపత్రికి తీసుకెళ్లాం.

కౌంటర్లో అమ్మాయి అడగకముందే మా అమ్మ, "ఆడపిల్లమ్మా, రాసుకో" అంది.

లోపల డాక్టర్ కుముదిని పొట్ట నొక్కి చూసి, "నెలసరి ఎప్పుడొచ్చింది?" అంది.

"మొన్న శుక్రవారమే" అంది మా అమ్మ, తడుముకోకుండా.

నేను పనిచేసే స్టీలు ప్లాంటులో ఫర్నేసు ముందు కూడా నాకంత చెమట పట్టలేదు. డాక్టర్, "ఓవరీ మెలిపడిందేమో" అంటూ గైనిక్ డాక్టర్ కోసం ఫోనందుకుంది. లేని అవయవానికి వైద్యం మొదలవుతోంది. నేను నోరు విప్పితే బిడ్డ మళ్లీ లేచి ఇంటికెళ్లిపోతుంది. విప్పకపోతే రోగం ముదురుతుంది.

విప్పింది ఛాయే. "నానమ్మా, బస్, ఇక చాలు. డాక్టర్ దీదీ, నాకు ఓవరీల్లేవు. మగ శరీరంతో పుట్టాను. హార్మోన్ మాత్రలు వాడుతున్నాను." ఈసారి మంచం దిగలేదు. నా బంగారు తల్లి!

కుముదిని ఫోను పెట్టేసింది. "మంచి పని చేశావు. మా కంప్యూటర్లో రెండు గళ్లున్నాయి. పుట్టుక ఒకదాంట్లో, నువ్వెవరో ఇంకోదాంట్లో. వైద్యానికి నాకు రెండూ కావాలి."

మా అమ్మ కళ్లజోడు సవరించుకుని స్క్రీను మీదికి వంగింది. "అదంతా సరేనమ్మా. బయట కేకేసినప్పుడు ఏ గడి సూసి కేకేస్తారేటి?"

"రెండోదే, మామ్మగారూ."

ఆ నొప్పి అపెండిక్సుదని స్కానులో తేలింది, ఆపరేషనూ అయింది. నాకు గుర్తుండిపోయింది మాత్రం, స్కాను కోసం హాల్లో కూర్చున్న ఆ కాసేపు. ఛాయ నా చెయ్యి నలిపేస్తోంది. నర్సు తలుపు తీసి లోపలికి రమ్మని పిలిచింది.

"ఛాయా దీదీ, ఆయియే."

ఛాయ కంటే ముందు మా అమ్మ లేచింది. హాలంతా వినబడేలా అరిచింది.

"వత్తంది, వత్తంది! మా మనవరాలే!"