ఏమవ్వాలో తేల్చుకోని కణాలు

ల్యాబులో అందరూ అక్కా అని పిలిచే ఆవిడ రోజూ ఎనిమిదింటికల్లా వచ్చేస్తుంది. చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, వెచ్చటి పెట్టెలోంచి గాజు పళ్లేలు ఒక్కొక్కటే తీసి, పాత ద్రవం పీల్చేసి కొత్తది పోస్తుంది. మూత తియ్యగానే కణాలు సన్నగా గోల మొదలెడతాయి. "ఈరోజేమవుదాం? ఈరోజేమవుదాం?"

పిండం తొలినాళ్ల కణాలు మరి. గుండె కావచ్చు, ఎముక కావచ్చు, చర్మం కావచ్చు. మందుతో పాటు మాట కూడా చెబితేనే దారికొస్తాయి. చెప్పేటప్పుడు గొంతు పెంచరాదని గోడమీద రాసే ఉంది.

కిటికీ పక్క పళ్లెం మాత్రం నెల్లాళ్లుగా ఆవిడ ప్రాణం తోడేస్తోంది. అది ఆవిణ్ణి పెంచిన బాబాయి కోసం. ముప్పయ్యేళ్లు వెల్డింగ్ చేసిన మనిషి. కంటి వెనక పొర పాడై, ఎదుటివాళ్ల ముఖం ఉండాల్సిన చోట ఆయనకిప్పుడు బూడిదరంగు మచ్చే. ఆ పొర కావాలంటే కణాలు నల్లబడాలి. ఇవేమో ఒకసారి గుండె అవుతామని రెండ్రోజులు కొట్టుకుని, మళ్లీ తెల్లగా కూర్చున్నాయి.

"శుక్రవారం దాకా చూద్దాం. ఆ తర్వాత కన్ను ఆగదు," అంది బాబాయి కంట్లో ఆ పొర వెయ్యాల్సిన డాక్టరమ్మ.

"మీ బాధేమిటర్రా?" అని కణాల్ని అడిగింది అక్క.

"నువ్వు చెప్పేది పుస్తకంలో ముక్క. చూడ్డమంటే ఏమిటో మాకెలా తెలుస్తుంది?"

మర్నాడు బాబాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"నన్నేం చెప్పమంటావే? చదువా, సంధ్యా!"

"నీకు తెలిసిందే చెప్పు బాబాయ్."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇనుము కాలుతుంటే ముందు ముదురెరుపు. ఆపైన నారింజ. తెల్లబడుతోందనగా చెయ్యి తీసెయ్యాలి, లేదంటే చిల్లే. మీ పిన్ని కూడా అంతే. కోపమొస్తే ముందు చెవి అంచు ఎర్రబడేది. అది చూసి బయటికి జారుకునేవాణ్ణి. ఇప్పుడు కనబడక, రోజూ నిండా తింటున్నాను తిట్లు."



గంటసేపు చెప్పాడాయన. శుక్రవారం పొద్దున పళ్లెం నిండా సిరా చల్లినట్టు నల్లటి చుక్కలు. ఏమవుదామని ఒక్కటీ అడగలేదు.

ఆపరేషనైన ఆరో వారం డాక్టరమ్మ గోడమీది అక్షరాలు చదవమంది. బాబాయి అటు చూడనే లేదు.

"నీ జుట్టెప్పుడు నెరిసిందే?"

అక్క ఏడవబోయి నవ్వేసింది. "నాలుగేళ్లయింది బాబాయ్," అంటూ, ఇంకా బాగా చూడమని కుర్చీ ముందుకు జరుపుకుంది.