తోడబుట్టిన బూజు

నా భార్య నాంచారమ్మను ఆమె తమ్ముడు గురవయ్య తిన్నాడు. ఇది తేలిపోయిన సంగతి, దీని మీద పంచాయితీ అక్కర్లేదు. ఆస్పత్రివాళ్లు జ్వరమన్నారు. వాళ్లు ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నారు. ఆమె పోయి నెల తిరగలేదు, గురవయ్య ఆమె గొంతుతో మాట్లాడుతున్నాడు.

పొద్దున్నే వచ్చి వసారాలో కూర్చుంటాడు. "ఏందయ్యా, ఇంకా పొయ్యి ముట్టించలా?" అంటాడు. మీసాల కింద నుంచి నాంచారమ్మ వినిపిస్తుంది. నేను లేచి పొయ్యి ముట్టిస్తాను. గొంతు ఆమెది, వినక తప్పదు. అన్నం మాత్రం వాడికి విసిరినట్టు పెడతాను.

నాంచారమ్మది పుట్టగొడుగుల షెడ్డు. ఇంటి వెనకే, తాటాకు కప్పు. ఉడకబెట్టి ఆరబెట్టిన వరిగడ్డిని ప్లాస్టిక్ సంచుల్లో కూరి, మధ్యమధ్య తెల్లటి విత్తనం చల్లి, తాళ్లకు వేలాడదీసేది. గడ్డి నిండా తెల్ల పోగులు అల్లుకునేవి. తర్వాత పాల పుట్టగొడుగులు లేచేవి. విత్తనం ఆమె ఎక్కడా కొనలేదు. ఒక పంటలోని తెలుపు తీసి, మరో పంటకు సీసాల్లో తానే పెంచుకునేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు.

గురవయ్యది మిరప చేను. మొక్కలు ఎండు తెగులుతో పోతున్నాయని పచ్చబూజు పొడి తెచ్చాడు. దాన్ని పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి, బెల్లం నీళ్లు చల్లి, గోనెపట్టాలు కప్పితే కుప్పంతా పచ్చగా పెరుగుతుంది. చేలో వేస్తే, వేర్లను కుళ్లబెట్టే బూజును తింటుంది. బూజును తినే బూజు అది. మా ఊళ్లో అందరూ చేసే పనే. కానీ ఆ గోనెపట్టా తెచ్చి పుట్టగొడుగుల గడ్డి మీద ఎవరూ కప్పరు. గురవయ్య కప్పాడు. వాన పడుతోంది, అక్క గడ్డి తడుస్తుందని కప్పాడు. పుట్టగొడుగు కూడా బూజేనని వాడికి తట్టలేదు.

మొదటి సంచి పచ్చబడిన రోజు నాంచారమ్మ మంచం పట్టింది. సంచి వెంట సంచి పచ్చబడుతుంటే ఆమెలో ఒక్కొక్కటే ఆగిపోయింది. ముందు కాళ్లు, తర్వాత ఆకలి, చివరికి గొంతు. ఆగిన ప్రతిదీ గురవయ్యలో మొదలైంది.

ఇప్పుడు షెడ్డులో ఒకే ఒక్క తెల్ల సంచి మిగిలి ఉంది. చిట్టచివరి వరసలో ఉంది. అది కూడా పచ్చబడితే నాంచారమ్మ విత్తనం ఈ భూమ్మీద ఉండదు. దాన్ని నేను బయటికి తేవాలి. ఇబ్బంది ఒక్కటే. పచ్చ ముదిరేకొద్దీ షెడ్డు పొడవవుతోంది. నిన్న చేయి చాస్తే అందేలా ఉన్న తెల్ల సంచి ఇవాళ పొలం అవతలి కొంగంత కనిపిస్తోంది. బయటి నుంచి చూస్తే షెడ్డు ఎప్పటిలాగే ఉంది. గేదె ఒక్క నెమరు వేసే లోపలే దాని చుట్టూ తిరిగి వచ్చేస్తుంది.

గురవయ్య రోజూ కొంత తగ్గి వస్తున్నాడు. ఇవాళ పళ్లు లేవు.

"పళ్లేవిరా?"

"ఇంటికాడ పెట్టొచ్చా బావా." ఈ మాట వాడి సొంత గొంతుతోనే అంటాడు. అది ఇంకా అడుగున కాస్త మిగిలి ఉంది. "నువ్వు మెత్తగానే వండుతున్నావుగా."

మర్నాడు నీడ లేకుండా వస్తాడు. నా నీడలోకి జరిగి కూర్చుంటాడు. ఆ తర్వాత అరచేతి గీతలు పోతాయి. ఇంటిపేరు పోతుంది. రేషన్ షాపులో అడిగితే నా ఇంటిపేరు చెబుతాడు.

"ఉన్నింట్లో ఉన్నయ్యే మళ్లీ మోసుకు తిరగడం దేనికి బావా? బావి ఉన్న దొడ్లోకి కుండతో నీళ్లు తీసుకుపోతామా?"

"సిగ్గు కూడా అక్కడే పెట్టొచ్చావా?"

వాడు జేబులు తడుముకుంటాడు. "అది ముందే పోయినట్టుంది," అంటాడు. వెటకారం లేదు, నిజంగానే వెతుక్కుని చెబుతాడు.

పోయిన చోటల్లా నాంచారమ్మ వస్తోంది. గడ్డం కింద ఆమె పుట్టుమచ్చ వచ్చింది. ఉప్పు అరచేతిలో పోసుకుని, కళ్లు చికిలించి అంచనా కట్టే తీరు వచ్చింది. నేను ముఖం తిప్పుకుంటాను. మళ్లీ చూస్తాను. అదే నాకు వాడి మీద ఇంకా మండిపోయే విషయం.

వ్యవసాయ కేంద్రం నుంచి శర్వాణి మేడమ్ వస్తుంది. రోలు మీద మైక్రోస్కోపు పెట్టి పచ్చ గడ్డిని చూస్తుంది. తర్వాత గురవయ్యను వంగమని చెప్పి, వాడి చెవిని అద్దం కింద పెట్టి చూస్తుంది. రెండింటినీ చూశాక చేతులు తుడుచుకుంటుంది.

"చాలా వెనక్కి పోతే తెలుపూ పచ్చా ఒకే ఇంటివండీ. ఎప్పుడో వేరుపడ్డాయి. పచ్చదానికి తెల్లదాని జాడ తెలుస్తుంది. తెలియగానే అటు తిరుగుతుంది. పోగును చుట్టుకుంటుంది. గోడ కరిగించి లోపలికి పోతుంది."

"తోడబుట్టినవాడు గుమ్మంలో ఆగుతాడా?"

"ఆగడు. ఇంకో సంగతి. దీని పూర్వీకులకు మొదట్లో గడ్డి తినడం సరిగా రాదని మా అనుమానం. గడ్డి తినే బూజులను తినేవి. తినగా తినగా, గడ్డి తినే విద్యను కూడా వాటి దగ్గరే లాగేసుకున్నాయి. పిల్లలకు ఇచ్చాయి. ఇప్పుడది వీటి సొంతం."

"కక్కించడం కుదురుతుందా?"

"మీ తాత ఇచ్చిన ముక్కును మీరు కక్కగలరా?"

ప్రయత్నిస్తాను. రాదు.

"పచ్చ అంటిందల్లా కాల్చేయండి," అంటుంది. "వేరే దారి లేదు."

"వాడిలో నా భార్య ఉంది."

"ఉన్నారండీ. ఇందాక నా చీర ఎక్కడ కొన్నానని అడిగారు." మేడమ్ చెప్పులూ చేతులూ తన నీడా స్పిరిట్‌తో తుడుచుకుని జీపెక్కుతుంది.

మిట్టమధ్యాహ్నం కిరసనాయిలు డబ్బా, బ్లేడు పట్టుకుని షెడ్డులోకి దిగుతాను. గురవయ్య నా నీడ అంచు పట్టుకుని వెనకే వస్తాడు. రెండు పక్కలా పచ్చ సంచులు ఊగుతున్నాయి. గాలి లేదు. తెల్ల సంచి పక్క వరసలో పచ్చ పొడి సంచి మీద నుంచి సంచి మీదికి దూకుతోంది. నేను పరుగెడతాను. షెడ్డు నాకంటే ముందు పరుగెడుతుంది.

"పరిగెత్తబాకయ్యా," అంటుంది నాంచారమ్మ, వాడి నోటితో. "నువ్వు తరిమితే అది బెదురుద్ది. కూర్చో. అదే వస్తది."

కూర్చుంటాం. తెల్ల సంచి, మేత ముగించిన దూడలాగా, వరస వరసా దాటి మా వైపు నడిచి వస్తుంది. నా ముందు ఆగుతుంది. దాని అంచున అప్పటికే పెసరగింజంత పచ్చ చుక్క ఉంది. నేను చూస్తుండగానే అది కందిగింజంత అవుతుంది.

"దేంట్లో దాచాలి?" అంటాను.

"సీసాలన్నీ పచ్చబడ్డయ్యి. అంటు తగలంది నీ నోరొక్కటే. వీడు నీ చేతి కూడు తిన్నాడుగాని, నువ్వు వీడి చేతి నీళ్లు ముట్టలా."

"అయితే రా."

"నన్నొక్కదాన్నే తీసుకోలేవయ్యా. నా గొంతు వీడిలో కలిసిపోయింది. ఆ చుక్కను కూడా రానియ్యి. ఇద్దరం వస్తాం."

"వాడు రాడు."

"గడ్డి తడవకూడదనే గదా కప్పింది."

"తెలుసు."

"తెలిసీనా?"

"తెలిసే."

చుక్క చింతగింజంత అవుతుంది. అప్పుడు గురవయ్య పెదవులు కదులుతాయి. ఆమె గొంతు కాదు. అడుగున మిగిలిన వాడి సొంత గొంతు. "బావా," అంటాడు. ఆ ఒక్క మాటతో అది ఖర్చయిపోతుంది. వాడిలో ఇక వాడిది ఏమీ లేదు.

నేను బ్లేడు తీస్తాను. పచ్చ చుక్కకు ఎడంగా, బొటనవేలంత తెలుపును కూడా దానికే వదిలేసి, మిగతాది కోస్తాను. తెల్లముద్దను నాలుక మీద పెట్టుకుంటాను. తొలకరి తగిలిన గడ్డివామి రుచి. నా చొక్కా అంచు చింపి ఉండచుట్టి, పళ్ల మధ్య బిగిస్తాను. గాలి చొరబడకూడదు. గాలితోనే పచ్చ వస్తుంది.

నోరు మూయగానే షెడ్డు మామూలు పొడవుకు వస్తుంది. తలుపు నా వీపుకు తగులుతుంది. గురవయ్య లోపలే కూర్చుని ఉన్నాడు. లేవమని నేను చెప్పను. నోరు మూసి ఉంది గదా. కిరసనాయిలు పోసి, బయటికి వచ్చి అగ్గిపుల్ల గీస్తాను.

తాటాకు పచ్చని మంటతో, చప్పుడు లేకుండా కాలుతుంది.

తెలుపు నాలో దిగుతోంది. గొంతు దాటింది, రొమ్ము దాటింది. చలువగా ఉంది. నా వేళ్ల చివర గోళ్లను నెట్టుకుంటూ తెల్లటి మొగ్గలు వస్తున్నాయి. నాంచారమ్మ బతికింది. నేను గెలిచాను. ఏదైనా అంటుందేమోనని చెవి పెట్టి వింటాను. ఆమె నాలో పెరుగుతుంది గాని పలకదు. ఒక్క మాట కూడా లేదు.

నివురులోంచి గురవయ్య చొక్కా నడిచి వస్తుంది. ఎక్కడా కాలలేదు. లోపల ఎవరూ లేరు. నా వసారా ముందు నిలబడి రెండు చేతులూ జోడిస్తుంది. దాని బొత్తాలు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. తెరుచుకున్న ప్రతి కాజా నాంచారమ్మ గొంతుతో విడిగా పిలుస్తోంది. ఒకటి పెళ్లినాటి గొంతు, సిగ్గుతో "ఇదుగో" అంటుంది. ఒకటి పొలం గట్టు మీద నుంచి కూడు తెచ్చానంటుంది. ఒకటి కోపంగా తలుపు తీయమంటుంది. అన్నిటికంటే కింద ఉన్నది, జ్వరంలోది, "ఏందయ్యా, ఒక్కసారి వాడిని రమ్మను, నేనూ వస్తా" అంటుంది.

చొక్కా గుమ్మం ఎక్కుతోంది. వేళ్ల చివరి మొగ్గలన్నీ దాని వైపు తిరుగుతున్నాయి. నేను చేతులు వెనక్కి కట్టుకుని, పళ్లు బిగిస్తాను.

ఒక్క మాట అనాలన్నా నోరు తెరవాలి. తెరవను. గురవయ్య సంగతి నేనిక ఎన్నడూ ఎత్తను.