దాలినాయుడి ఒంటి మీద కళ్ళు

టీవీలో పడిపోయిన దాలినాయుడు ఇంట్లో కూడా లేవడం లేదు. పొద్దున్నుంచి హాల్లో వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూస్తున్నాడు. మత్తు లేదు, జ్వరం లేదు. ఒళ్ళంతా కళ్ళు అంటుకుని ఉన్నాయి, అంతే. నిన్న 'మీ ఇంటి కన్నీరు' కార్యక్రమం చూసినవాళ్ళ కళ్ళు. చొక్కా మీద, మెడ మీద, మత్తు సూదులు పొడుచుకున్న మోచేతి మడతలో కిక్కిరిసి, రెప్పలు కొట్టుకుంటున్నాయి. వాటి బరువుకి పాపం వాడు కాలు కూడా ముడవలేకపోతున్నాడు.

వాళ్ళమ్మ వరహాలమ్మకి ఈ వింత చూస్తూ కూర్చునే తీరిక లేదు. మత్తు మాన్పించే సెంటర్లో ఇన్నాళ్ళకి ఒక మంచం ఖాళీ అయింది. సాయంత్రంలోగా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. 'వస్తాను' అని వాడే నోరు తెరిచి అన్నాడు, కెమెరా ముందే అన్నాడు. ఆ ముక్క టీవీ వాళ్ళకి పనికిరాలేదు, కోసేశారు. పడిపోవడం మాత్రం ముందునుంచీ, వెనకనుంచీ, నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా చూపించారు.

ఆ యాంకరమ్మ మర్యాదస్తురాలే, కాదనకూడదు. షూటింగు రోజు హాలు చాలకపోతే గోడని బతిమాలి వీధి చివరిదాకా జరిపించింది.

"అమ్మా, ఇంకోసారి ఏడవండి. ఇందాకటి ఏడుపులో మీ మొహం సరిగా పడలేదు," అంది.

"అయిపోనాదమ్మా. ఉన్నదదే," అంది వరహాలమ్మ.

"పర్వాలేదు, మా దగ్గరుంది," అని సీసాలోంచి కొంచెం పోసిచ్చింది.

ఇప్పుడు వరహాలమ్మ గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని కొడుకు చుట్టూ తిప్పుతోంది. అంతమంది చూశాక దిష్టి తగలకుండా ఉంటుందా మరి. పొయ్యిలో వేస్తే ఉప్పు చిటపటమనదు. ఒక్క కన్నూ రాలదు. మళ్ళీ తిప్పుతుంది. కళ్ళు గుడ్లప్పగించి ఆవిణ్ణే చూస్తుంటాయి. బయట ఆటోవాడు హారను కొడతాడు.

పక్కవాటా నూకరత్నం తడిచేతులు తుడుచుకుంటూ లోపలికి వస్తుంది.

"నాను సూడ్నేదు వదినా," అంటుంది. "బాబు పడిపోతన్నాడనీసరికి టీవీ కట్టీసి గిన్నెలు తోముకున్నాను. మనోణ్ణి అలాగ సూత్తే రేపు ఏ మొకంతో పలకరిత్తాం?"

"నాను సూసినాను రత్నం. కన్నతల్లినయ్యుండి, రెప్ప ఎయ్యకుండా సూసినాను."

"అందుకే నీ సేతికి రాల్నేదు. నీ కళ్ళూ అందులోనే ఉన్నాయి కదేటి. ఇలాగియ్యి."

వెతికితే నిజమే. కొడుకు గుండె మీద, అన్నిటికన్నా బరువుగా, వరహాలమ్మ కళ్ళే ఉన్నాయి. వీడు మళ్ళీ ఎప్పుడు పడతాడా అని అనుమానంగా చూస్తున్నాయి. మిగతావాటినేమో దాలినాయుడు పట్టించుకోలేదు గానీ, వీటికి మాత్రం నలగకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. 

"ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, టీవీ దిష్టి, తల్లి దిష్టి," అంటూ నూకరత్నం తిప్పుతుంది. పొయ్యిలో ఉప్పు చిటపటలాడుతుంది. కళ్ళు చింతగింజల్లా గచ్చు మీద రాలతాయి. వరహాలమ్మవి ఆఖరున రాలతాయి.

"ఇవి ఉంచీమంతావేటి వదినా?"

"వొద్దు. పాడైపోనాయి. అన్నిటితో పాటు పారబొయ్యి."

నూకరత్నం వాటిని చేటలోకి ఎత్తుతుంది, నాలుగు రోడ్ల కూడలిలో పోసి రావడానికి. చూపు కూడా వాటితోనే పోయిన వరహాలమ్మ తడుముకుంటూ వెళ్ళి, సబ్బు వాసన వేస్తున్న ఆ చేతులు రెండూ పట్టుకుని మొహానికి ఆనించుకుంటుంది. ఒక మనిషి చూడకుండా ఉన్నందుకు ఇంత కృతజ్ఞత పుడుతుందని ఆవిడకి ఇన్నాళ్ళూ తెలియదు. "నీ మేలు మర్సిపోను తల్లీ," అంటుంది. "ఊరుకో వదినా, ఆటో ఎల్లిపోద్ది," అంటుంది నూకరత్నం.

దాలినాయుడు లేచి నిలబడతాడు. చొక్కా దులుపుకుని తల్లి చెయ్యి అందుకుంటాడు.

"మెట్టుందమ్మా. నా సెయ్యి గట్టిగా అట్టుకో."

ఆటో కదులుతుంది. వరహాలమ్మ కొడుకు వీపు మీద అరచెయ్యి ఆనిస్తుంది. చొక్కా కింద, పక్కటెముకల లోపల, చిన్న వంటిల్లు తగులుతుంది. అక్కడ ఇంకో దాలినాయుడు పీట మీద కూర్చుని బియ్యం కడుగుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి గానీ ఒక్క గింజ కూడా కింద పడనివ్వడం లేదు. పక్కన ఎసరు మరుగుతోంది.

"అమ్మా, నువ్వూ తింతావేటి?" అని లోపల్నుంచి అడుగుతాడు.

"తింతాను నాయనా," అంటుంది వరహాలమ్మ. వాడు ఇంకో గుప్పెడు బియ్యం పోస్తాడు.