ఉప్పునీటిలో పచ్చని నారు

విత్తన కంపెనీ వాళ్ల గాజు గోడల నారుశాలలో ఆమె ట్రేలలోకి ఉప్పునీరు పోస్తోంది. ఏ రైతైనా చూస్తే పరుగున వచ్చి చెయ్యి పట్టి ఆపేవాడు. కానీ ఆ వరి నారు వాడిపోలేదు, పైగా నిగనిగలాడుతోంది. సముద్రపు చిత్తడిలో మొలిచే గడ్డి నుంచి ఒక జన్యువును తీసి, వరిలోకి తెచ్చి, ఏళ్ల తరబడి ఆమె కంటికి రెప్పలా పెంచిన నారు అది. తోటివాళ్లు ఆమెను ‘నారమ్మ’ అని ఆటపట్టించేవారు. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే.

అప్పుడే అన్నయ్య ఫోన్ చేశాడు.

"మళ్లీ పంట పోయిందే చెల్లీ. సముద్రపు పోటు నీళ్లు గట్టు దాటాయి. మడంతా ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. మీ నారు ఎప్పుడిస్తారు?"

"ఈసారి ఖాయం అన్నయ్యా. ఇక్కడి పరీక్షలన్నీ నెగ్గింది, ఇక పొలంలో చూడటమే."

ఫోన్ పెట్టేసరికి మేనేజరు పిలిచాడు. ఆమె ముఖం చూడకుండానే చెప్పాడు.

"ఆ రకాన్ని ఆపేస్తున్నారమ్మా. పైవాళ్ల మాట."

"ఎందుకు సార్? పనిచేస్తోందిగా!"

"పనిచేస్తే చాలా? ఉప్పుతేలిన నేలల వాళ్లు ఏం పెట్టి కొంటారు? గిట్టుబాటు కాదట."

"పోనీ, ప్రభుత్వ పరిశోధన కేంద్రానికి ఇచ్చేద్దాం."

"ఆ జన్యువు మీద హక్కు మన కంపెనీది. బయటికి పోనివ్వరు. నారంతా ఆవిరి యంత్రంలో పెట్టి నాశనం చేయించు. నువ్వే దగ్గరుండాలి."

ఉద్యోగం వదిలేద్దామంటే ఇప్పుడు అన్నయ్య ఇల్లు గడిచేది ఆమె జీతంతోనే. దొంగచాటుగా గుప్పెడు తీసుకెళ్దామంటే, అనుమతి లేని నారు నాటిన నేరం అన్నయ్య మెడకు చుట్టుకుంటుంది. పైగా పొలంలో పరీక్షించని మొక్కను ఊరి మీదికి వదలడం తప్పని ఆమెకు తెలుసు. ఎటు చూసినా గోడే.

ట్రేలను తనే మోసింది, తనే మీట నొక్కింది. యంత్రం తలుపు తీసేసరికి ఆకుకూర ఉడికిన వాసన గుప్పుమంది. ఆమె గోడ వైపు తిరిగి నిలబడిపోయింది.

వారం తిరక్కుండానే అన్నయ్య చేతిసంచితో గేటు దగ్గరికి వచ్చాడు.

"ఇక్కడేదైనా పనుంటే ఇప్పించమ్మా. మొక్కలకు నీళ్లు పోయడం నాకొచ్చుగా," అని నవ్వబోయాడు. నారుశాలలోకి తొంగిచూసి, "నారేదే? బతకలేదా?" అన్నాడు.

"బతికింది అన్నయ్యా. మేమే చంపాం," అంటూ జరిగిందంతా చెప్పింది.

అతను చేతిసంచి నేలమీద పెట్టాడు.

"ఇన్నాళ్లూ సముద్రాన్ని తిట్టుకున్నానే," అన్నాడు. "దానికేం తెలుసు పాపం. అన్నీ తెలిసిన మనుషులు చేశారు చూడు, అదీ నా బాధ."

అతనికి పని దొరికింది. ఇప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరూ ఆ గాజు గోడల మధ్య, డబ్బున్న చలిదేశాల వాళ్ల పెరటితోటల కోసం పూలమొక్కలు పెంచుతున్నారు.

మారుతున్న వాతావరణాన్ని తట్టుకునే పంటను సృష్టించే విద్య మనిషికి అబ్బింది. ఆ విత్తనం కొనగలిగినవాడి కోసమే పుడితే ఆకలి ఆగదు, కాబట్టి అన్నం పెట్టే విద్య అందరి సొత్తు కావాలి.