వెనక నుంచి కట్టేవాడు

మూడో ఫ్లెక్సీ అంచు మడిచి కర్రల చట్రానికి తీగ బిగిస్తూ హైదర్ మోచేత్తో ముక్కు తుడుచుకున్నాడు. యాభై రెండేళ్ల మనిషి కామారెడ్డిలో పట్టపగలు షాపు ముందు కూర్చుని ఏడుస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. తెల్లవారుజామున గుండె ఆగి చనిపోయిన ఆ క్రికెటర్ కోసం లోపల డిజైనర్ సంపత్ కూడా కళ్లు ఒత్తుకుంటూనే అక్షరాలు పేరుస్తున్నాడు.

హైదర్ ఆ ఆటగాణ్ణి ఏనాడూ పేరుతో పిలవలేదు. కెప్టెన్ సాబ్ అంటాడు. కెప్టెన్ సాబ్ సెంచరీ కొట్టిన పూట ఇంట్లో ఏ కూరైనా అమృతమే. సున్నాకు ఔటైతే మాత్రం భార్య హఫీజా అన్నం పెట్టి మెల్లగా తప్పుకునేది.

సన్నటి చేతులు, తీగ కోసి మానిన గీతలతో నిండిన వేళ్లు, ఎండకు కమిలిన మెడ. ఇరవై ఏళ్లుగా చట్రం వెనక నిలబడే కట్టాడు కనుక పెళ్లిళ్లూ పుట్టినరోజులూ ఎన్నికలూ అన్నీ అతనికి ఫ్లెక్సీ వెనక కనిపించే ఒకటే తెలుపు. నియమం మాత్రం ఒకటుంది. పోయినవాళ్ల ఫ్లెక్సీ మీద పదో దినం దాటేదాకా ఇంకొకటి కట్టడు. ఓనరు తిట్టినా, లీడర్లు కసిరినా కట్టలేదు. తన బతుకులో గొప్పగా చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది మరి.

మధ్యాహ్నం ట్రాలీ ఆటో ఎల్లారెడ్డి బస్టాండు చేరేసరికి అభిమానులు గుమిగూడి ఉన్నారు. నాలుగింటికి ర్యాలీ. కొత్త చట్రం పాతే వ్యవధి లేదు. అక్కడున్న చట్రానికే కట్టమన్నాడు అభిమాన సంఘం ప్రెసిడెంటు సుందర్. హైదర్ వెనక వైపు నిచ్చెన వేసుకుని, ఎక్కబోతూ, చట్రానికి అప్పటికే ఒక ఫ్లెక్సీ కట్టి ఉండటం చూసి ఆగాడు.

"కింద ఎవరిదున్నది?"

"ఎవరో ముసలాయనదే, అన్నా."

"సచ్చిపోయినాయనదా?"

"ఆఁ. పది దినాలు అయినట్టే ఉన్నది. మనోని కంటె ఎక్కువనా? కట్టు జల్ది!"

నాలుగడుగులు వేసి ముందు వైపు చూస్తే సరిపోయేది. చూస్తే కట్టలేనని తెలుసు కనుకే చూడలేదు. కెప్టెన్ సాబ్ ఆ చౌరస్తాలో నిలబడాలని అతనికీ ఉంది. గాలికి లేవకుండా నడుమ బద్దకు కూడా తీగ వేయాలి. దబ్బనం తీసుకుని అవతలివాళ్లకు వినబడేలా అరిచాడు.

"మొఖం తప్పించి జెప్పుండ్రి. సాబ్ మొఖానికి పొక్క వడొద్దు."

"ఇంకొంచెం కిందికి... ఆఁ, గాడ పొడువు!"

దబ్బనం నాలుగుసార్లు రెండు ఫ్లెక్సీలనూ దాటి అవతలికి వెళ్లింది.

కొవ్వొత్తులు వెలిగాయి. నినాదాల్లో హైదర్ గొంతే అందరికంటే గట్టిగా వినిపించింది. చీకటి పడే వేళకు అంతా వెళ్లిపోయారు. ఇంకో ఫ్లెక్సీ దించడానికి నాగిరెడ్డిపేట వెళ్లిన ఆటో కోసం అతనొక్కడే చట్రం వెనక ఓ పక్కగా కూర్చున్నాడు. అప్పుడు నెత్తిన కొంగు కప్పుకున్న ఒకామె చట్రం ముందుకొచ్చి అటూ ఇటూ వెతకసాగింది. భూమక్క. పన్నెండేళ్లు తనకు నిచ్చెన పట్టిన సిద్ధిరాములు భార్య. మోకాళ్లు అరిగి మూడేళ్ల కిందట పని మానేసిన సిద్ధిరాములు, ఆమెతో సొంతూరు ఎల్లారెడ్డికి వచ్చేశాడు.

"హైదరన్నా, ఈడ మాయన ఫొటో కట్టిచ్చినం. ఎటువోయిందో ఏమో. రేపే పదో దినం. చుట్టాలు జూసి గల్లీ గుర్తువడతరనుకున్న."

హైదర్ లేచి నిలబడ్డాడు.

"నీకు ఫోన్ జేసినం. రెండుసార్లు. ఎత్తలేవు."

పోయిన వారం వాళ్లు ఫోన్ చేసిన సాయంత్రం కెప్టెన్ సాబ్ ఆడుతున్నాడు. ఫోను బోర్లా పెట్టి మ్యాచ్ చూశాడు. తర్వాత చేద్దామనుకుని మరిచిపోయాడు. పొద్దుటి నుంచీ ధారగా కారిన కళ్లలో ఇప్పుడు చుక్క లేదు. అది తెలిసి అతనికి తల ఎత్తలేనంత సిగ్గేసింది.

"యాడికీ వోలేదక్కా. కిందనే ఉన్నది. దానిమీద నేనే కట్టిన."

భూమక్క చట్రం వెనక్కి వచ్చి నిచ్చెన పట్టుకుంది. హైదర్ ఎక్కి తీగలన్నీ కత్తిరించాడు. కెప్టెన్ సాబ్ జారి కొవ్వొత్తుల మైనంలో పడ్డాడు. నిచ్చెన దిగి, ఆమె వెంట మొదటిసారి ముందు వైపుకు నడిచాడు.

ఆధార్ కార్డు ఫొటోనే పెద్దది చేసి వేయించారు. బస్టాండు ముందు సిద్ధిరాములు ముఖం మిగిలింది, చెంపల మీద రెండు, నుదుటి మీద రెండు చిల్లులతో, వాటిలోంచి అవతలి లైటు కనిపిస్తూ.