షికారు వెళ్లే వినికిడి

పొద్దుటి పనులన్నీ అయ్యాక వదిన బల్ల మీద పాత తువ్వాలు పరిచి, చిన్న బ్రష్షుతో చెవులు శుభ్రం చేస్తూ కూర్చుంది. కంగారు పడకండి, నిజం చెవులు కావు. బ్యాండులో వాళ్లు స్టేజీ మీద చెవుల్లో దూర్చుకునే బుడిపెలు. ఒక్కొక్కరి చెవిలో మెత్తటి ముద్ద నింపి, గట్టిపడ్డాక బయటికి తీసి, ఆ అచ్చుకి తగ్గట్టు చేయించినవి. ఒకరివి ఇంకొకరికి పట్టవు. గుబిలి మాత్రం అందరిదీ ఒకటే. ఎంత గొప్పగా పాడినా, ఎంత గొప్పగా వాయించినా గుబిలి గుబిలే కదా అనుకుంటూ తుడుస్తోంది.

ఇంతకీ ఆమె ఎవరికి వదిన అంటే, అసలైతే బుల్లికి. బుల్లి ఆమె ఆడపడుచు. గుమ్మంలో తల వంచితే గాని లోపలికి రాలేనంత పొడుగు మనిషి, అయినా ఇంట్లో చిన్నది కాబట్టి బుల్లి. బ్యాండులో పాడేది బుల్లి, ఎవరి చెవిలో ఏం వినపడాలో చూసుకునేది వదిన. బుల్లి రోజంతా "వదినా, వదినా" అని కేకలు పెట్టడంతో డ్రమ్ములాయన మొదలుకొని హాలు వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె వదినే అయిపోయింది. తండ్రి వయసు వాళ్లూ అలాగే పిలుస్తారు. ఏం చేస్తుంది, పలుకుతుంది.

కిటికీ పక్కన పడక్కుర్చీలో మామయ్య, అంటే బుల్లి వాళ్ల నాన్న, ఉన్నట్టుండి పకపకా నవ్వారు. "వాడి మొహానికి గొడుగు కూడానా," అన్నారు గాల్లోకి.

వదిన తల కూడా ఎత్తలేదు. మామయ్య వినికిడి అప్పటికే షికారు వెళ్లిపోయింది. ఏ బస్టాపులోనో ఎవరో ఏదో అన్నారు, ఈయన ఇక్కడ నవ్వారు. రోజూ ఉండేదే.

ఆయన నూలు మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. అన్నేళ్లూ ఆ మరల మోతలో పడి ఉన్న వినికిడి, రిటైరైన మర్నాడే చెప్పులేసుకున్నట్టు బయల్దేరి వీధిలోకి వెళ్లిపోయింది. పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరుతుంది. అది ఎక్కడుంటే ఆయనకి అక్కడి మాటలు వినపడతాయి, ఇంట్లో పక్కనే కుండ పగిలినా తెలీదు. మొదట్లో వీధిలో వాళ్లు కాస్త మొహమాటపడ్డారు, మొగుడూ పెళ్లాలు గొంతు తగ్గించుకుని పోట్లాడుకున్నారు. తర్వాత అలవాటైపోయింది. అది వచ్చినచోట చప్పుళ్లన్నీ తోమిన గిన్నెల్లా తేటపడతాయి కాబట్టి ఇట్టే తెలిసిపోతుంది. "పెద్దాయన వినికిడి వచ్చింది, కాస్త జరగండి," అని బెంచీ మీద చోటిచ్చేవాళ్లూ ఉన్నారు.

ఒక్క విషయంలోనే దానికి పిరికితనం. బుల్లి గొంతు విప్పిందంటే చాలు, వీధి చివరి దాకా పరుగు.

దానికో కారణం ఉంది. బుల్లి బడికి వెళ్లే రోజుల్లో ఏదో పోటీలో పాడుతుంటే పై స్థాయిలో గొంతు చీలిపోయింది. జనం గొల్లున నవ్వారు. బుల్లి కాసేపు ఏడ్చి మర్చిపోయింది. ముందు వరసలో కూర్చున్న మామయ్య మర్చిపోలేదు. ఆ తర్వాత కూతురు పాట ఎత్తుకుంటే చాలు, ఏదో కొనాలంటూ బజారుకి వెళ్లేవారు. రిటైరయ్యాక కాళ్లు ఇంట్లోనే ఉండిపోయి వినికిడి వెళ్తోంది, అంతే తేడా. "ఊళ్లో వాళ్ల సణుగుడంతా వింటారు, నా పాట మాత్రం వినరు," అని బుల్లి నిష్ఠూరమాడుతుంది. ఇష్టం లేక కాదని వదినకి తెలుసు. మళ్లీ ఎవరైనా నవ్వితే ఆయన తట్టుకోలేరు.

ఇప్పుడు బుల్లి మెడ మీద కత్తి వేలాడుతోంది. కీబోర్డు వాయించే మాస్టారే బ్యాండుకి పెద్ద. ఆయన ఈమధ్య స్టేజీ మీద నేల స్పీకర్లన్నీ తీసేయించాడు. వాటి మోతలో ఎవరిది వాళ్లకి వినపడక, నాది పెంచు అంటే నాది పెంచు అని రోజూ రభస. ఇప్పుడు అందరి చెవుల్లో బుడిపెలు, నడుముకి చిన్న పెట్టె, ఎవరికి కావలసింది వాళ్లకే. డ్రమ్ములాయనకి తాళం ఎక్కువ, మాస్టారుకి బుల్లి గొంతు ఎక్కువ. అందరూ హాయిగా ఉన్నారు, బుల్లి తప్ప.

ఆమెకి రెండు చెవులూ మూసుకుంటే నూతిలో దిగి పాడుతున్నట్టు ఉంటుంది. ఎదురుగా అంత జనం, ఒక్కరి ఊపిరీ వినపడదు. పాట మధ్యలో చెయ్యి దానంతటదే లేచి ఎడమ చెవి బుడిపె పీకేస్తుంది. ఈ పనిలో అంతకు మించిన తప్పు లేదు. ఒక చెవి తెరవగానే బయటి మోతంతా మీద పడుతుంది, దాన్ని దాటాలని రెండో చెవిలో పెంచుకుంటారు, చెవీ పాడు, పాటా పాడు. మొన్నటి ప్రోగ్రాంలో బుల్లికి శ్రుతి ఒక దారి, గొంతు ఒక దారి అయింది.

"మీ ఆడపడుచని మొహమాటపడకండి వదినా," అన్నాడు మాస్టారు. "మంచి గొంతు, కాదనను. కానీ ఈసారి కూడా చెవిలోది పీకితే ఇంకో అమ్మాయిని పెట్టుకుంటాను. ఇప్పటికే మాట్లాడి ఉంచాను."

వదిన తనకి తెలిసిన విద్యలన్నీ చూపించింది. హాలు వైపు తిప్పి రెండు మైకులు పెట్టి, జనం చప్పుడు కాస్త బుల్లి చెవుల్లోకి కలిపింది. చాలామందికి అది సరిపోతుంది. బుల్లి విని పెదవి విరిచింది.

"అది జనం కాదు వదినా. ఆకలేసినవాడికి అన్నం ఫొటో చూపించినట్టుంది."

"సర్దుకుపోవే తల్లీ. ఉన్న పని ఊడేలా ఉంది."

"నేను సర్దుకుంటాను. నా చెయ్యి నా మాట వింటేగా."

ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం వదిన వైర్లు చుడుతూ ఆలోచనలో పడింది. వైరు చుట్టడం ఆమెకి నేర్పింది మామయ్యే. కొత్తకోడలిగా వచ్చినప్పుడు "ఆడపిల్ల స్పీకర్లు మోసుకుని తిరగడమేంటి" అని చుట్టాలు మూతి తిప్పారు. మామయ్య మాత్రం వాళ్లందరి ముందూ ఆమె పక్కన నేల మీద కూర్చుని, "ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి తిప్పమ్మా. మేం మిల్లులో నూలు అలాగే చుడతాం, మెలి పడదు," అని చేసి చూపించారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆమె పనికి వంక పెట్టలేదు. అప్పుడే ఆయనకి కృతజ్ఞతగా ఒక మాట చెప్పాల్సింది, ఇంట్లోవాళ్లకి అలాంటివి ఎవరు చెప్తారులే అని ఊరుకుంది. ఇప్పుడు మళ్లీ ఆయన్నే సాయం అడగాల్సి వచ్చింది.

మామయ్యకి ఏదైనా చెప్పాలంటే ఆయన ముందు నిలబడి లాభం లేదు. వినికిడి ఎక్కడుందో వెతుక్కుని అక్కడ చెప్పాలి.

బస్టాపులో లేదు. "ఇందాకే లేచి ఇస్త్రీ కొట్టు వైపు వెళ్లిందమ్మా," అంది అక్కడ పండ్లమ్మే ఆవిడ. ఇస్త్రీ అతను, "నా దగ్గర దానికేం కాలక్షేపం, సెలూన్లో చూడండి," అన్నాడు. సెలూన్ గుమ్మంలోనే వదినకి తెలిసిపోయింది. కత్తెర ఒక్కో వెంట్రుకనీ విడివిడిగా తెంపుతున్నట్టు వినపడుతోంది. లోపల గడ్డానికి నురగ పూసుకుని ఒకాయన, పేపరు పట్టుకుని ఇంకొకాయన ఉన్నారు.

"మా మామయ్యతో కొంచెం మాట్లాడాలి," అంది.

"దానికేం, మాట్లాడండి," అని సెలూనతను కత్తెర ఆపాడు. "అద్దం దగ్గర ఉన్నట్టుంది."

వదిన కొంగు సర్దుకుని అద్దం వైపు తిరిగింది. "మామయ్యా, మీకు చెప్పేంతదాన్ని కాదు. సాయంత్రం బుల్లి పాడుతుంది. ఈసారి కూడా పాట చెడితే దాన్ని తీసేస్తారు. నా చేతనైనవన్నీ చేశాను. దానికి కావలసింది మైకులు కాదు, మనిషి. వినేవాళ్లు ఒకరు తన దగ్గరున్నారని దానికి తెలియాలి. దాని గొంతు చీలుతుందని మీ భయం. చీలితే చీలనివ్వండి. అప్పుడు మీరు పారిపోకుండా ఉంటే చాలు. ఈ ఒక్కసారికి రండి."

నురగ పూసుకున్నాయన గొంతు సవరించుకుని, "ఆ మాటకి కరగకపోతే మనిషే కాదు," అన్నాడు.

"అది మనిషి కాదు కదండీ, వినికిడి," అన్నాడు పేపరాయన.

కత్తెర మళ్లీ కదిలింది. ఈసారి మామూలు కత్తెరలాగే కిచకిచలాడింది. వినికిడి లేచి వెళ్లిపోయింది. ఎటు వెళ్లిందో చెప్పగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

సాయంత్రానికి హాలు నిండింది. స్టేజీ పక్కన తెర చాటున తన మీటల బల్ల దగ్గర వదిన నిలబడింది. ఆమె చెవుల్లోనూ బుడిపెలే. ఎవరి మీట నొక్కితే వాళ్లు వింటున్నదే ఆమెకీ వినపడుతుంది. బుల్లి మీట నొక్కి ఉంచింది. మొదటి చరణం బాగానే గడిచింది. రెండో చరణానికి బుల్లి భుజాలు బిగుసుకున్నాయి. చెయ్యి లేచింది.

వదిన తన బల్ల మీది చిన్న మైకులోకి వంగి, బుల్లి చెవికి మాత్రమే తెలిసేలా, "వద్దు బుల్లీ. వద్దు తల్లీ," అంది. చెయ్యి ఆగలేదు. వేళ్లు ఎడమ చెవి బుడిపెని పట్టుకున్నాయి. కీబోర్డు వెనక నుంచి మాస్టారు చూస్తున్నాడు.

వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

వదిన చెవుల్లో తేడా ఏమీ లేదు. అదే గొంతు, అదే తాళం. బుల్లి మొహమే మారింది. మూసిన చెవిలో ముందు ఎవరిదో దగ్గు వినపడిందని తర్వాత చెప్పింది. ఆ వెనక ఒక కుర్చీ కిర్రుమంది, ఎక్కడో చివరి వరసలో చంటిపిల్ల ఆవలించింది, ఆ తర్వాత హాలు హాలంతా తేటగా లోపలికి వచ్చేసింది. గోడలూ తలుపులూ దాటి తిరిగే వినికిడికి రవ్వంత బుడిపె ఒక లెక్కా. హాల్లోంచి చెవిలోకీ, చెవిలోంచి హాల్లోకీ తిరుగుతూ జనాన్ని మోసుకొచ్చి కూతురికి ఇస్తోంది. బుల్లి చెయ్యి దించేసింది. తెర వైపు తిరిగి పెదాలతో "నాన్న" అంది.

వదిన వెంటనే అందరి మీటలూ నొక్కి, "మామయ్య వినికిడి వచ్చింది," అని చెప్పింది.

"మంచిది, కూర్చోమనండి," అన్నాడు డ్రమ్ములాయన, తాళం తప్పకుండా.

చివరి పాటలో, పై స్థాయి దగ్గర, బుల్లి గొంతు చీలింది. అచ్చం ఆనాటి లాగే. వదిన, ఇక వినికిడి పరుగు తీస్తుంది, ఇక చెయ్యి లేస్తుంది అనుకుని కళ్లు మూసుకుంది. వినికిడి కదల్లేదు. చీలిన గొంతు పక్కనే అది కూర్చుని ఉంది. హాల్లో ఎవరూ నవ్వలేదు, ఆ నవ్వకపోవడం కూడా బుల్లికి స్పష్టంగా వినపడింది. ఆమె నిండుగా ఊపిరి తీసుకుని అదే స్వరాన్ని మళ్లీ అందుకుంది. ఈసారి నిలబడింది. పాట అయ్యేసరికి జనం లేచి నిలబడ్డారు. అదే సమయానికి ఇంట్లో పడక్కుర్చీలో మామయ్య రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నారని, ఏమైందోనని తను పరిగెత్తుకొచ్చానని పక్కింటావిడ తర్వాత చెప్పింది.

స్టేజీ మీద వైర్లు చుడుతున్న వదిన దగ్గరికి మాస్టారు వచ్చాడు. "ఆ రెండో అమ్మాయికి రావద్దని చెప్పేశాను," అన్నాడు. "ఇక ముందు అన్ని ఊళ్లకీ బుల్లే. మీ మామగారు కూడా వస్తుంటారా?"

"అది ఆయన చేతిలో లేదండీ, దాని ఇష్టం," అంది వదిన.

దాని ఇష్టం ఏమిటో త్వరలోనే తేలిపోయింది. వినికిడి ఇల్లు చేరలేదు. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. బుల్లి ఎడమ చెవిలోనే కాపురం పెట్టేసింది. సెలూనతను కొన్నాళ్లు బెంగపెట్టుకున్నాడు. మామయ్యకి మాత్రం ఏ లోటూ లేదు, ఎక్కడైతేనేం, మంచి చోటే ఉందిగా అన్నారు. ఇప్పుడు ఆయన్ని భోజనానికి పిలవాలంటే బుల్లికి ఫోన్ చెయ్యాలి. "మీ నాన్నకి వడ్డించానని చెప్పవే," అంటుంది వదిన. అక్కడ బుల్లి ఏ పనిలో ఉన్నా, "నాన్నా, వదిన అన్నానికి పిలుస్తోంది," అంటుంది. ఇక్కడ ఆయన లేచి చేతులు కడుక్కుంటారు.

ఒకరోజు బ్యాండు వాళ్లు రిహార్సల్ పెట్టుకున్నారు. వదిన పని లేక ఇంట్లోనే ఉంది. ఏమనిపించిందో, పీట లాక్కుని మామయ్య కుర్చీ ఎదురుగా కూర్చుని బుల్లికి ఫోన్ చేసింది.

"అన్నానికి ఇంకా టైముందిగా వదినా," అంది బుల్లి.

"అన్నానికి కాదు. ఫోను ఎడమ చెవికి పెట్టుకో. నువ్వు వినకపోయినా ఫరవాలేదు."

మామయ్య మొహంలోకి చూస్తూ వదిన ఫోన్లో మాట్లాడింది. "మామయ్యా, ఈ ఇంట్లో నా పని నన్ను చేసుకోనిచ్చింది మీరు. నేను అడిగితే నా మాట మీద వచ్చి బుల్లిని నిలబెట్టిందీ మీరే. ఇన్నేళ్లలో ఒక్కసారీ నోరు తెరిచి చెప్పలేదు. మా పుట్టింట్లో కూడా నాకు ఇంత చేసినవాళ్లు లేరు. మీ రుణం తీర్చుకోలేను."

ఆయన కళ్లు నిండాయి. ముందుకు వంగి ఆమె తల మీద చెయ్యి పెట్టారు. ఏదో చెప్పబోయి, చటుక్కున ఆగి, తల పక్కకి వంచారు. అక్కడ, ఫోన్లో, డ్రమ్ములాయన కర్రలు టక్కుటక్కుమని తాళం ఎత్తుకున్నాయి. మామయ్య కళ్లు మెరిశాయి. వేలెత్తి తన పెదాల మీద పెట్టుకున్నారు.

"ఉండమ్మా," అన్నారు. "మా అమ్మాయి పాడుతోంది."