మధ్యలో అందుకునే మాట

పిల్లల బడి హాజరు చూసే అధికారిణి వస్తానన్న రోజు తల్లి పొద్దున్నుంచీ కాలు గాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉంది. ఆమె కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టే మనిషి. ముందుగదిలో కుట్టుమిషను, దాని చుట్టూ గుడ్డ తానులు, కుర్చీల మీద సగం కుట్టిన తెరలు. వాటన్నిటినీ పడకగదిలోకి చేరవేసింది. తీరా చేరవేశాక గది బోసిపోయినట్టనిపించి రెండు తానులు వెనక్కి మోసుకొచ్చింది. గోడకి ప్రపంచపటం తగిలించింది. అది వంకరగా ఉందని తీసి మళ్ళీ కొట్టింది. ఈసారి రెండోవైపుకి వంకరపోయింది.

"ఒక్క నిమిషం కూర్చోవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు భర్త, డ్యూటీకి బూట్లు వేసుకుంటూ. అతను సిటీబస్సు నడుపుతాడు.

"మీకేమండీ, సీట్లో కూర్చుంటే బండే పోతుంది. ఇక్కడ నేను లాగితేగాని ఏదీ కదలదు."

"అందుకే అంటున్నా. పిల్లని బడికి పంపేస్తే పోయేదానికి ఈ చట్టంతో పేచీ ఎందుకు మనకి?"

ఆమె చూసిన చూపుకి రెండో బూటు లేసు కట్టకుండానే బయటపడ్డాడు.

చట్టం సంగతి ఆమెకి కంఠతా వచ్చు. ఈ వయసు పిల్లలందరూ బడికి వెళ్ళి తీరాలి. ఇంట్లో చదువు చెప్పుకోవడం నేరమేమీ కాదు, కాకపోతే అధికారి వచ్చి చూసి, పిల్లతో మాట్లాడి, సరేననాలి. అనకపోతే సోమవారం నుంచి పిల్ల తరగతి గదిలో ఉండాలి. అప్పటికీ పంపకపోతే కన్నవాళ్ళు కోర్టు మెట్లెక్కాలి.

పిల్లకి పదేళ్ళు. పాకే వయసులో కనబడిన గిన్నెనల్లా బోర్లించేదని తండ్రి 'పిడుగు' అని పేరుపెట్టాడు. ఆ పిడుగుకి మాటలు వచ్చాక నత్తి కూడా వచ్చింది. కిందటేడు ఒక మధ్యాహ్నం తల్లి గొడుగు ఇచ్చిరావడానికి బడికి వెళ్తే, వరండాలోకే నవ్వులు వినబడ్డాయి. కిటికీలోంచి చూస్తే తన పిల్ల తరగతి మధ్యలో చేతిలో పుస్తకంతో, కందగడ్డలా ఎర్రబడిన ముఖంతో నిలబడి ఉంది. ఆ క్షణమే లోపలికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. ఆ నవ్వులు తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అధికారిణి జలుబుతో వచ్చింది. ముక్కు తుడుచుకుంటూ కూర్చుని, "కొంచెం వేన్నీ..." అంది.

"వేన్నీళ్ళే కదా, ఇదిగో తెస్తున్నా మేడమ్," అంటూ తల్లి లోపలికి పరిగెత్తింది. అధికారిణి పిల్లవైపు చూసింది. పిల్ల చిన్నగా నవ్వి భుజాలెగరేసింది.

ముందు రాత పని చూసింది. దస్తూరి ముత్యాల్లా ఉంది, లెక్కల్లో తప్పు లేదు. తల్లి గుండె కాస్త కుదుటపడింది. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

"నదులు ఎక్కువగా ఎక్కడ పుడతాయి?"

"కొ... కొం..."

"కొండల్లో," అంది తల్లి.

"ఏడు మీటర్ల గుడ్డ ఉంది. ఒక్కో తెరకి రెండు మీటర్లు. ఎన్ని తెరలొస్తాయి?"

"మూ..."

"మూడు. ఒక మీటరు మిగులుతుంది. దానితో దిండుగలీబు కుట్టుకోవచ్చు."

అధికారిణి కలం బల్లమీద పెట్టింది. "అమ్మా, మీరు బ్రహ్మాండంగా చెబుతున్నారు. మిమ్మల్ని పై తరగతికి పంపేయొచ్చు. ఇక పాప సంగతి చూద్దామా?"

తల్లి నాలుక్కరుచుకుంది. ఆమె కావాలని చేసింది కాదు. పిల్ల ఒక అక్షరం దగ్గర ఆగితే చాలు, తన గొంతులోనే ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ ముల్లు తీసేస్తే ఇద్దరికీ ప్రాణం లేచొస్తుందని ఆమె నమ్మకం. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో పిల్ల వాక్యం మొదలుపెట్టడం, తల్లి ముగించడం మామూలైపోయింది.

"పాపతో ఒంటరిగా మాట్లాడాలి. నిబంధన అది," అంది అధికారిణి. "మీరు కాసేపు బయట ఉండండి."

"అది కొత్తవాళ్ళతో మాట్లాడదండీ. నేను పక్కన లేకపోతే..."

"వె... వెళ్ళమ్మా," అంది పిల్ల.

తల్లి వరండాలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసింది గాని గడియ పడనివ్వలేదు. తులసి లేని కుండీ అటు జరిపింది, ఇటు జరిపింది. చెప్పులు వరసగా పెట్టింది. ఇక చెయ్యడానికి ఏమీ దొరక్క, తలుపు సందుకి చెవి ఆనించింది.

లోపల పిల్ల పుస్తకం చదువుతోంది. ఆగుతోంది, తడబడుతోంది, మళ్ళీ అందుకుంటోంది. అధికారిణి తుమ్మింది తప్ప మాట్లాడలేదు. పేజీ మొత్తం అయ్యేదాకా తల్లి కొంగుని ఉండలా చుట్టి పిసుకుతూనే ఉంది.

"చదువులో వంక పెట్టడానికేం లేదు," అంది అధికారిణి చివరికి. "మీ అమ్మ కష్టపడి చెప్పింది. నువ్వు ఇంట్లోనే చదువుకుంటానంటే నేను సరేనని రాసేస్తాను. బడికి వెళ్తానన్నా సరే. నీకేది కావాలి?"

పిల్ల గొంతులో ఏదో మొదలై ఆగింది. మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది. ఏడాది పాటు చేసిన చాకిరీ, భర్తతో పడిన పోట్లాటలు, అన్నీ ఆ ఒక్క మాట దగ్గర నిలబడిపోయాయి. తల్లి ఇక ఆగలేకపోయింది.

"ఇంట్లోనే!" అని అరిచింది, తలుపు ఇవతలి నుంచే.

లోపలి నుంచి పిల్ల గొంతు వినిపించింది.

"అ... అమ్మా, నేనింకా చె... చెప్పలేదు."

తల్లికి తల కొట్టేసినట్టయింది.

"నా... నాకు బడి కావాలండీ."

"అక్కడ నవ్వారని మీ అమ్మ అర్జీలో రాసింది కదమ్మా?" అంది అధికారిణి మెల్లగా.

"న... నవ్వుతారు. కా... కానీ నేను చెప్పడం అ... అయిపోయాకే నవ్వుతారు."

తల్లి మెట్టుమీద కూలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది. తరగతి మొత్తం నవ్వినప్పుడు కూడా ఆమెకి ఇంత నొప్పి తెలియలేదు. పదేళ్ళుగా కంటికి రెప్పలా కాచుకున్నాననుకుంది. పిల్ల నోట్లోంచి మాట లాక్కుంటున్నానని ఒక్కనాడూ తోచలేదు.

"ఇంకేమైనా చెబుతావా?"

"అమ్మ మీద నా... నాకు కో... కోపం..."

అక్కడ ఆగిపోయింది. మిగిలింది ఒక్క మాటే. అదేమిటో తల్లికి తెలుసు. ఎలా ఉండదు కోపం, తనకే తనమీద ఉన్నప్పుడు? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. పిల్లకి మాట ఇంకా రాలేదు. తల్లి చేతులు తియ్యలేదు.

"లే... లేదు," అంది పిల్ల. "కానీ సో... సోమవారం నుంచి వె... వెళ్తాను."